బెల్టు కింద మనుషులున్నారు

ఆ ఏడు మా ఇంటికి నేను కొత్త కోడల్ని. ఏప్రిల్లో పెళ్ళయింది, సెప్టెంబరు చివరికల్లా ఇల్లు రెండు ముక్కలైంది. ఉన్నదే ముగ్గురం: నేను, మా ఆయన వెలిమిర్, మా మామగారు స్రేతెన్. అత్తగారు పోయి అప్పటికి మూడేళ్ళు. తండ్రీకొడుకులిద్దరూ బొగ్గుగని మనుషులే, ఇద్దరూ ఎర్రజెండా మనుషులే, ఇద్దరూ మొండిఘటాలే. ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెం. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కని.

మామగారు ముప్పై నాలుగేళ్ళు బొగ్గు తవ్వే పెద్ద యంత్రం నడిపి రిటైరయ్యారు. అయిదంతస్తుల మేడంత ఉంటుందది. ముందు బకెట్ల చక్రం, వెనక కిలోమీటర్ల పొడవున బొగ్గు మోసుకుపోయే రబ్బరు బెల్టు. మా కొలుబార లోయలో ఆ యంత్రాలు నడిపేవాళ్ళలో ఆయన చేత తిట్లు తినకుండా నేర్చుకున్నవాడు లేడు. ఆయన నడిపిన యంత్రం దగ్గరే వెలిమిర్ అప్పటికి బెల్టు మేస్త్రీ. నేనా, ఊళ్ళో మేజోళ్ళ ఫ్యాక్టరీలో పని. ఆ వేసవిలో మాకు జీతానికి బదులు మేజోళ్ళే ఇచ్చారు. ముగ్గురు మనుషులం, ఆరు కాళ్ళు, బీరువా నిండా మేజోళ్ళు.

శనివారం నాడు అయ్‌వార్ పెట్టుకున్నాం. చలి మొదలయ్యేలోపు ఎర్ర మిరపకాయలు కాల్చి, తొక్క తీసి, నూనెలో గంటలకొద్దీ కలియబెట్టి సీసాలకెత్తుకోకపోతే మా వైపు దాన్ని ఇల్లనరు. అరవై కిలోల కాయ. దేశం ఏమైనా కానీ, కోసిన కాయ ఆగదు కదా. పెరట్లో రేకు పొయ్యి మీద నేను కాలుస్తున్నాను, మామగారు పీట మీద కూర్చుని తొక్క తీస్తున్నారు. అంత లావు వేళ్ళతో ఒక్క గింజైనా మిగలనిచ్చేవారు కాదు. అత్తగారు ఉన్నప్పుడు ఆయన పొయ్యి దగ్గరికి కూడా వచ్చేవారు కాదట. పోయాక, ఆవిడ చేసే పద్ధతి మరిచిపోతామేమోనని తనే చెయ్యడం మొదలుపెట్టారు.

దేశం సంగతి చెప్పాలి. అంతకు ముందు ఆదివారం ఓట్లు వేశాం. ప్రెసిడెంటు ఓడిపోయాడని ఊరంతా అంది. తేలలేదు, ఇంకో విడత ఓట్లు వెయ్యాలని టీవీ అంది. శుక్రవారం పొద్దున మా గని ఆగిపోయింది. ప్రెసిడెంటు దిగేదాకా బొగ్గు తవ్వేది లేదని మనుషులు ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు. దేశానికి కరెంటు చాలావరకు మా బొగ్గుతోనే, అంచేత రాజధాని బెల్‌గ్రేడ్‌లో కుర్చీల్లో ఉన్నవాళ్ళకి గుండెల్లో రాయి పడింది.

వెలిమిర్ ఆ శనివారం సాయంత్రం బట్టలు మార్చుకోవడానికి వచ్చాడు. కాలిన మిరపకాయ ఒకటి ఉప్పు అద్దుకుని తిన్నాడో లేదో, మామగారు తలెత్తకుండానే మొదలుపెట్టారు.

"ఎవడ్రా మీ సమ్మె నడిపేది? నిరుడు మన నెత్తిన బాంబులేసిన పరాయి దేశంవాడే ఈ ఏడు మీకు చొక్కాలు పంచుతున్నాడు. ఆ మాత్రం తెలీదా?"

"నా చొక్కా చూడు నాన్నా. నువ్వు కొన్నదే. మోచెయ్యి దగ్గర అమ్మ వేసిన అతుకు కూడా ఉంది."

"మాట మార్చకు. ప్రెసిడెంటు మంచోడని నేనన్నానా? అతను పోతే ఎవరొస్తారో అది చెప్పు. యజమాని వస్తాడు. గనికి యజమాని, నీకు యజమాని, నీ పెళ్ళాం దుషాంక మేజోళ్ళకి యజమాని."

"యజమానులు ఎప్పుడో వచ్చారు. ఎర్రజెండా కప్పుకుని వచ్చారు, నువ్వు లేచి నుంచుని సెల్యూట్ కొట్టావు."

మామగారి మొహం జేవురించింది. చేతిలో కాయ నలిగిపోయింది.

"సమ్మె అనేది రొట్టె కోసంరా. జీతం కోసం, ప్రాణానికి రక్షణ కోసం. ప్రభుత్వాన్ని పడగొట్టడానికి చేసేదాన్ని సమ్మె అనరు, కుట్ర అంటారు."

"ఓటు దొంగిలించినవాడికి రొట్టె దొంగిలించడం ఒక లెక్కా?"

"ఓటంట! అదో బూర్జువా ఆట."

"మరి నువ్వెందుకు ఏడింటికే కోటు వేసుకుని లైన్లో నిలబడ్డావు?"

నాకు నవ్వాగలేదు. మామగారు నా వంక కోపంగా చూడబోయి, చూడలేక, తనూ మీసంలో నవ్వారు. ఆయనది అంతే, నామీద కోపం తెచ్చుకోవడం చేతకాదు. కానీ వెలిమిర్ వెళ్ళిపోతుంటే మాత్రం నవ్వలేదు. "వాళ్ళు నిన్ను నిచ్చెనలా వాడుకుంటారు. పైకెక్కాక తన్నేస్తారు. అప్పుడొచ్చి ఏడవకు నా దగ్గర," అన్నారు. "ఏడిస్తే నీ దగ్గరే కదా ఏడవాలి," అని వెలిమిర్ సైకిలెక్కాడు. గేటు దాటేదాకా మామగారు కొడుకు వీపునే చూస్తున్నారు, చేతిలో పని ఆపేసి.

నా మటుకు నాకు ఎవరు చెప్పింది వింటే వాళ్ళదే నిజమనిపించేది. ఆ మాట పైకి అంటే ఇద్దరికీ కోపమే. అందుకని గరిట తిప్పుకుంటూ కూర్చున్నాను.

మంగళవారం మధ్యాహ్నం ఒబ్రాద్ వచ్చాడు. ఊళ్ళో పార్టీ సెక్రటరీ, ప్రెసిడెంటుదీ మామగారిదీ ఆ పార్టీయే. అంతకన్నా పెద్ద సంగతి, మామగారికి కూమ్. మామగారి పెళ్ళికి సాక్షి నిలబడింది అతను, వెలిమిర్‌కి పేరు పెట్టింది అతను. మా దగ్గర పైన దేవుడు, కింద కూమ్ అంటారు. దేవుడు లేడని మీటింగుల్లో చెప్పే మామగారు కూడా కూమ్ మాట కాదనడం నేను చూడలేదు.

కాఫీ పెట్టాను. ఒబ్రాద్ కప్పు ముట్టుకోలేదు. అతనూ నలిగిపోయి ఉన్నాడు పాపం, మూడు రోజుల గడ్డం.

"స్రేతెన్, రేపు పోలీసులొస్తున్నారు. సమ్మెవాళ్ళని పక్కకి నెట్టి ఒక్క యంత్రమైనా కదిలిస్తే చాలంట. బెల్టు మీద బొగ్గు కదిలిందని టీవీలో చూపిస్తే మిగతా గనులు దిగొస్తాయి. నడిపేవాళ్ళెవరూ లేరు. రిటైరైనవాళ్ళని అడుగుతున్నాం. నువ్వెక్కితే..." అని ఆగాడు.

"ఏ యంత్రం?"

"నీదే."

నేను గుమ్మం దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాను. మా లోయలో సమ్మె విరిచినవాడి మనవడికి కూడా పిల్లనివ్వరు. మా తాతల నాటి యుద్ధానికి ముందు జరిగిన సమ్మెలో పనిలోకి వెళ్ళిన రెండు కుటుంబాల పేర్లు ఇవాళ్టికీ చిన్నపిల్లలు చెబుతారు. ఆ పేర్ల పక్కన మా పేరు చేరబోతోంది.

"నువ్వేమనుకుంటున్నావు ఒబ్రాద్? మన ప్రభుత్వం నిలబడాలంటావా?" అన్నారు మామగారు.

"మనది కుళ్ళిపోయింది స్రేతెన్. నాకు తెలీదా? కానీ మనది. వాళ్ళొస్తే మనదీ అంటూ ఏదీ ఉండదు."

"నేనూ అదే అంటున్నా," అన్నారు మామగారు. "వస్తాను."

ఒబ్రాద్ వెళ్ళాక నేను ఆయన ముందు నేల మీద కూర్చున్నాను. ఏడుపొచ్చేసింది.

"వెళ్ళకండి మామయ్యా. ఒంట్లో బాలేదని చెప్పండి, నడుం పట్టేసిందనండి. నేను చెబుతాను, నా మీద పెట్టండి."

"నలభై నాలుగేళ్ళు పార్టీ కార్డు జేబులో పెట్టుకుని తిరిగాను తల్లీ. నేను నమ్మింది పదిమందికి చెప్పాను. ఇప్పుడు కష్టమొచ్చేసరికి నడుం నొప్పంటే నా మొహం నేను చూసుకోగలనా?"

"సమ్మె ద్రోహి అంటారు."

"అంటారు," అన్నారు. "వాడి మీద కక్షతో వెళ్తున్నాననుకోకు. వాడు నమ్మింది వాడు చేస్తున్నాడు. చెయ్యాలి. నేను నమ్మింది నేను చెయ్యొద్దూ?"

పాత బూట్లు ముందుకు లాక్కుంటూ, "వాడికి నువ్వే చెప్పు. చాటుగా వచ్చాననిపించుకోను," అన్నారు.

సమ్మెలో ఉన్నవాళ్ళకి రోజూ ఆడవాళ్ళం వంట మోసేవాళ్ళం. ఆ సాయంత్రం చిక్కుడుగింజల కుండతో పాటు ఈ మాట కూడా మోసుకుపోయాను. కుండే తేలిక. వెలిమిర్ అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"ఏ యంత్రం?" అన్నాడు, అచ్చం తండ్రిలాగే.

"మీదే."

రాయి మీద కూలబడ్డాడు. తర్వాత అడిగిందొక్కటే: "నాన్న మందులేసుకుంటున్నాడా?"

మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళాను. ఇంట్లో ఉండలేకపోయాను. పోలీసులు బస్సుల్లో దిగారు, నల్లటోపీలు, డాళ్ళు. గని అంచు మీద ఆడవాళ్ళం ఓ యాభై మందిమి. కింద మట్టి మధ్య ఆ యంత్రం చచ్చినట్టు పడి ఉంది. దాని వెనక బెల్టు పొడవునా సమ్మెవాళ్ళు కూర్చున్నారు, సగంమంది బెల్టు నీడలో, కిందే. పోలీసులు ముందువాళ్ళని లాగితే వెనకవాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు. కొట్టడానికి వాళ్ళకీ చేతులు రావడంలేదు, అందులో సగంమంది ఈ చుట్టుపక్కల పిల్లలే. యంత్రం కాళ్ళ దగ్గర, అందరికీ కనిపించేలా, వెలిమిర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గని డైరెక్టరు గారి కారులో మామగారు వచ్చారు. ఉతికిన నీలం పనిబట్టలు, పాలిష్ చేసిన బూట్లు. పక్కన ఒబ్రాద్. మనుషుల మధ్యనించి నడుస్తుంటే ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే తల తిప్పుకున్నారు. కొడుకు ముందు నించి వెళ్తూ ఆయన ఆగలేదు, కొడుకూ కదల్లేదు. నిచ్చెన మీద మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవడానికి ఆగి, పైన గాజు గదిలోకెక్కి కూర్చున్నారు.

మూడుసార్లు హారన్ మోగింది.

ఆ యంత్రం కదిలించే ముందు ఒక పద్ధతి ఉంది. నడిపేవాడు మూడుసార్లు హారన్ కొడతాడు. బెల్టు మేస్త్రీ బెల్టు పొడవునా నడిచి చూసి, కింద మనుషులెవరూ లేరంటే కుడిచెయ్యి పైకెత్తుతాడు. ఆ చెయ్యి లేస్తేనే మీట కదలాలి. ఎప్పుడో ఒకడు తొందరపడితే మనిషి ప్రాణం పోయిందట. ఆ తర్వాత నేర్పినవాళ్ళందరికీ మామగారు ఈ పద్ధతి అన్నంకన్నా ముందు పెట్టారు. ఆ రోజు ఆ చెయ్యి ఎత్తాల్సినవాడు మా ఆయన.

వెలిమిర్ తర్వాత నాతో ఒక్కదానితోనే చెప్పాడు. పన్నెండేళ్ళుగా ఆ మూడు హారన్లు వినగానే చెయ్యెత్తడం అలవాటట. తన ప్రమేయం లేకుండా కుడిచెయ్యి కదిలిందట. ఛాతీ దాకా వచ్చాక ఎడంచేత్తో పట్టుకుని కిందికి లాగాడట. నేను అంత దూరం నించి అదేమీ చూడలేదు. చేతులు కట్టుకునే ఉన్నాడనుకున్నాను.

అయిదు నిమిషాలయింది. పదయింది. మళ్ళీ మూడు హారన్లు. చెయ్యి లేవలేదు, యంత్రం కదల్లేదు.

పోలీసు ఆఫీసరు కింద నించి అరిచాడు: "కానీవయ్యా ముసలాయనా! దేనికోసం చూస్తున్నావు?"

గాజు గదిలో మైకుంటుంది. మామగారి గొంతు గనంతా వినిపించింది. "చెయ్యి లేవలేదు."

ఆఫీసరు తన చెయ్యెత్తాడు. "నువ్వు బెల్టు మేస్త్రీవా?" అంది మైకు. ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టరు గారు ఎత్తారు. "తమరు బెల్టు ఎప్పుడైనా చూశారా సార్?" అంది మైకు. ఈసారి పోలీసులు కూడా నవ్వారు.

చివరికి ఒబ్రాద్ ముందుకొచ్చి చెయ్యెత్తాడు. అతను ఒకప్పుడు బెల్టు మీద పనిచేసినవాడే.

మైకు మెల్లగా, ఇంట్లో బల్ల దగ్గర అడిగినట్టు, "కూమ్, నడిచి చూశావా? కింద ఎవరూ లేరా?" అంది.

ఒబ్రాద్ బెల్టు వైపు చూశాడు. దాని కింద వందలమంది. కూమ్‌కి అబద్ధం చెప్పిన మనిషి మా దగ్గర ఇంకెవరికీ మొహం చూపించలేడు. అతని చెయ్యి కిందికి దిగింది. "ఉన్నారు స్రేతెన్," అన్నాడు. "మనుషులున్నారు."

అలా రెండు గంటలు. ఆఫీసరు బెదిరించాడు, బతిమాలాడు, నిచ్చెన ఎక్కబోయి సగంలో కళ్ళు తిరిగి దిగిపోయాడు. మామగారు పావుగంటకోసారి హారన్ కొడుతూనే ఉన్నారు. అది చూసి కొందరు, ముసలాయన మనవాడే, నాటకమాడుతున్నాడు అని మురిసిపోయారు. నాకు ఆయన సంగతి తెలుసు. ఆయనకి నాటకాలు రావు. ప్రతిసారీ నిజంగానే కొడుతున్నారు.

మధ్యాహ్నానికి చుట్టుపక్కల ఊళ్ళ నించి జనం పొలాలకడ్డంపడి వచ్చేశారు. ట్రాక్టర్లు, బస్సులు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. పోలీసుల వరస ఎక్కడ తెగిందో తెలీదు, తెగింది. అప్పుడు మామగారు దిగొచ్చారు. జనం ఆయన్ని భుజాలకెత్తుకోబోతే చేతులు విదిలించుకుని, ఒబ్రాద్‌ని వెంటబెట్టుకుని ఇంటికి నడిచారు. ఆరు కిలోమీటర్లు, ఇద్దరు ముసలివాళ్ళు, ఒక్క మాట లేకుండా.

మర్నాడు బెల్‌గ్రేడ్‌లో ప్రభుత్వం పడిపోయింది. టీవీలో జనం గంతులేస్తుంటే మామగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఆఖరిదాకా చూశారు. ఎవరో చనిపోయిన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను, వదిలించుకోలేదు. వెలిమిర్ సంబరాల్లోంచి పెందలాడే వచ్చేశాడు. తండ్రి ముందు నవ్వడానికి అతనికి మొహం చెల్లలేదు. అది పడిపోవడం మంచికా చెడుకా అన్నది ఆ ఇంట్లో ఎప్పటికీ తేలలేదు. మామగారన్నవి కొన్ని జరిగాయి, మా మేజోళ్ళ ఫ్యాక్టరీ ఎవడో కొని తాళం వేశాడు. వెలిమిర్ అన్నవీ కొన్ని జరిగాయి. ఇద్దరూ "చెప్పానా?" అనుకుంటూనే బతికారు.

వారం తర్వాత బెల్‌గ్రేడ్ నించి రేడియో అమ్మాయి వచ్చింది, సమ్మెని కాపాడిన పెద్దాయన్ని చూడ్డానికి. ఊళ్ళో అప్పటికి ఆయన పేరు అలా స్థిరపడిపోయింది. పెరట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టాం. ఆ పిల్ల టేప్‌రికార్డరు నొక్కి, "తాతా, యంత్రం నడపకూడదని ఎప్పుడు నిర్ణయించుకున్నారు?" అంది.

"నడపకూడదని అనుకోలేదమ్మా. నడపడానికే వెళ్ళా."

ఆ పిల్ల నవ్వింది, ముసలాయన వేళాకోళమాడుతున్నాడని. "నిజం చెప్పండి తాతా."

"నిజమే చెప్తున్నా. ఆ ప్రభుత్వం నిలబడాలనే వెళ్ళా. చెయ్యి లేచుంటే బొగ్గు తవ్వేవాణ్ణి. రాసుకో."

ఆ పిల్ల మొహంలో రంగు తగ్గింది. నొక్కిన మీట మళ్ళీ నొక్కింది. "ఇది వేస్తే మీకే చెడ్డపేరు."

"వెయ్యి. ఎవడి పేరో తగిలించుకుని తిరగలేను."

ఆ పిల్ల వెళ్ళిపోయాక వెలిమిర్ తండ్రికి ఎదురుగా కూర్చున్నాడు. పది రోజుల్లో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదటిసారి. నేను కాఫీ పోసి అక్కడే నిలబడ్డాను.

"ఊరంతా నిన్ను నెత్తిన పెట్టుకుంటే చెడగొట్టుకున్నావు కదా నాన్నా."

"నేనేమైనా బుట్టనా, నెత్తిన పెట్టుకోడానికి?"

వెలిమిర్ నవ్వలేదు. చాలాసేపు కప్పు అటూ ఇటూ తిప్పాడు. "రెండు గంటలు ఆ గాజు గదిలో కూర్చుని ఏం చేశావు?"

"నిన్నే చూస్తూ కూర్చున్నా."

"చెయ్యెత్తుతాననా?"

మామగారు కప్పు కింద పెట్టి కొడుకు వైపు చూశారు. ఆ కళ్ళల్లో నీళ్ళు నేను అత్తగారి సమాధి దగ్గర కూడా చూడలేదు.

"ఎత్తుతావేమోనని భయపడ్డా," అన్నారు. "మొదటి హారన్‌కి నీ చెయ్యి లేచింది. ఇక్కడిదాకా. చూశాను. నా ప్రాణం పోయిందనుకో. పుట్టినప్పటినించీ నా మాట వినరా, నా మాట వినరా అని నిన్ను చావగొట్టాను కదా. ఆ గదిలో కూర్చుని మాత్రం, ఒద్దురా నాన్నా, ఇవాళ నా మాట వినకురా అని... హారన్ కొట్టిన ప్రతిసారీ అదే అనుకున్నా."

వెలిమిర్ లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి తండ్రి పక్కన కూర్చున్నాడు. భుజానికి భుజం ఆనించి, చిన్నపిల్లాడిలా.

"నా చోట ఇంకెవరైనా మేస్త్రీ బెల్టు చూసి ఎత్తి ఉంటే?" అన్నాడు కాసేపటికి.

"ఇంకెవరైనానా? నడిపేవాణ్ణిరా! మరెందుకు వెళ్ళాననుకున్నావు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు మామగారి మీసం కదిలింది, తర్వాత ఇద్దరూ పగలబడి నవ్వారు. కోడలుగా వచ్చాక ఆ ఇంట్లో అంత నవ్వు నేను వినలేదు. నేను లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని, కరువుతీరా ఏడ్చాను.